ఆమె అనని మాట

మాస్టారి కథ పత్రికలో వచ్చిన రోజు ఆ ఇంట్లో పొద్దుటి కాఫీలు చల్లారిపోవాల్సిందే. ఎవరో ఒకరు పైకి చదవాలి, అయ్యేదాకా ఎవరూ కప్పు ముట్టుకోకూడదు. వంటమ్మ గుమ్మం పక్కన కూర్చుని బీన్స్ తరుగుతూ వినేది. పద్దెనిమిదేళ్లుగా ఆయన కథల్లో ఒక వంటమనిషి ఉంటూనే ఉంది. ఆ మనిషికి జ్వరం రాదు. సెలవు అడగదు. ఇంట్లో ఎవరైనా పెద్దాయనకు ఎదురు చెబితే మాత్రం కళ్లొత్తుకుంటూ వచ్చి బుద్ధి చెబుతుంది. ఆమె మాటలు వింటే వంటమ్మకు ఒళ్లు మండేది. కథే కదా అని ఊరుకునేది.

ఈసారి మాస్టారు పత్రికను చిన్నకోడలి చేతిలో పెట్టారు. రెండేళ్ల కిందట భర్త పోయాక ఆమె సర్వే ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగంలో చేరింది. ఇప్పుడు ప్రమోషన్ ఇచ్చి వేరే ఊరు వేశారు. వెళ్తుందో లేదో ఈ మధ్యాహ్నంలోగా సంతకం చేసి చెప్పాలి.

కథలోనూ భర్త పోయిన కోడలే. పెట్టె సర్దుకుని బయల్దేరుతుంటే వంటమనిషి అడ్డుపడుతుంది.

“‘తల్లీ, ఈ గడప దాటితే నువ్వెవరు? ఆయన కోడలివైతేనే నీకు విలువ...’” అక్కడ చిన్నకోడలు చదవడం ఆపేసింది.

“చదువమ్మా, ఆగావేం?” అన్నాడు పెద్దకొడుకు. “వంట చేసుకునే మనిషికి తెలిసింది, ఇంత చదువుకున్నావు, నీకు తెలియదా?”

వంటమ్మ కత్తి పక్కన పెట్టింది. “ఆ మాట నేననలేదు బాబూ.”

“నిన్నెవరన్నారు? అది కథ.”

“కథైతే ఆవిడకి నన్నెందుకు చూపిస్తున్నారు?”

మాస్టారు నవ్వబోయారు. “నీకు గౌరవమే ఇచ్చాను కదా. మా ఇంటి మనిషిలా రాశాను.”

“ఇంటి మనిషినైతే నా మాట నాకుండాలి కదా మాస్టారూ. నేనేమన్నానో చెప్పనా? మొన్న ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి ఏడుస్తుంటే, ‘వెళ్లిపో తల్లీ, ఇక్కడే ఉంటే నా పక్కన నీకో పీట వేస్తారు’ అన్నాను.”

“నోరు లేస్తోందే!” పెద్దకొడుకు కుర్చీలోంచి లేచాడు. “రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు.”

“అలాగే బాబూ. వంట మీరు చేస్తారా, కథలో ఆవిడొచ్చి చేస్తుందా?”

చిన్నకోడలికి నవ్వొచ్చింది. రెండేళ్లలో ఆ గదిలో ఆమె నవ్వడం అదే మొదటిసారి.

వంటమ్మ మాస్టారి వైపు తిరిగింది. “వెళ్లొద్దనాలనుంటే మీ నోటితో అనండి. నా నోటితో అనిపించకండి.”

నలభై ఏళ్లు పిల్లల ముందు నిలబడి పాఠాలు చెప్పిన మనిషికి ఒక్క మాట కూడబలుక్కోవడం కష్టమైంది. గడప, విలువ, పరువు లాంటివేవీ నోటికి రాలేదు.

“నువ్వు వెళ్లిపోతే...” అన్నారు చివరికి. “వాడి గురించి మాట్లాడుకోవడానికి నాకెవరూ ఉండరమ్మా. భయంగా ఉంది.”

పెద్దకొడుకు తల వంచుకున్నాడు. చిన్నకోడలు పత్రిక మూసి మామగారి పక్కకు వచ్చి కూర్చుంది.

“ఇన్నాళ్లూ ఒక్కసారైనా ఆయన పేరెత్తారా మామయ్యా? నేను ఎత్తబోతే లేచి వెళ్లిపోయేవారు.” ఆమె కళ్లు తుడుచుకుంది. “నేను వెళ్తాను. రోజూ ఫోన్ చేస్తాను, ఆయన గురించే మాట్లాడుకుందాం. మీ దగ్గర కబుర్లు అయిపోతే నా దగ్గరున్నాయి.”

మాస్టారు తలూపారు. “టైమవుతోంది. వెళ్లి సంతకం పెట్టిరా.”

ఆమె వెళ్లాక వంటమ్మ వైపు చూడకుండానే అన్నారు: “నిన్నింక కథల్లో రాయనులే.”

“రాయండి. అచ్చుకి పంపేముందు నాకు చదివి వినిపించండి. నేననని మాట ఉంటే కొట్టేయాలి.”

పై వారం ఆయన కొత్త కథ పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చారు. గొంతు సవరించుకున్నారు.

“‘ఆ ఇంట్లో నమ్మకమైన వంటమనిషి ఒకతె...’”

“ఆగండి మాస్టారూ,” అంది వంటమ్మ.

ఆయన పెన్ను మూత తీశారు.