అత్తమ్మ మంచం పక్కన స్విచ్చు

రమ పెరట్లో ఆరేసిన బట్టలు తీసుకొని లోపలికి వచ్చేసరికి, అత్తగారు సుక్కమ్మ గోడ పక్కన నేలమీద పడి ఉంది! పక్షవాతంతో కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయిన మనిషి మంచం దిగి, నాలుగడుగుల దూరంలో ఉన్న స్విచ్‌బోర్డు దాకా ఎలా పాకిందో ఏమో... నుదుటిమీద గాయం, దాని నుంచి సన్నగా రక్తం. రమ ఆమెను ఒడిలోకి తీసుకొని ఏడ్చేసింది.

"నన్ను పిలిస్తే రానా అత్తమ్మా? ఎందుకు లేచినవ్?"

"పొద్దుగూకింది బిడ్డ. ఇంట్ల లైటు ఎయ్యాలె గద" అంది సుక్కమ్మ, తప్పు చేసినదానిలా చూపు తిప్పుకొని.

తుక్కుగూడ గోదాములో పనిచేసే ఐలేష్ ఇంటికి రాగానే తల్లి నుదుటి కట్టు చూశాడు. భయం వేస్తే కోపంగా మాట్లాడటం అతని స్వభావం. ఎంతమంది మగవాళ్లకు అది తప్ప ఇంకోటి రాదు! "ఇంట్ల ఉండి నువ్వేం జేస్తున్నవ్?" అని భార్యమీద విరుచుకుపడ్డాడు. మర్నాడే ఒక కెమెరా కొనుక్కొచ్చాడు.

"ఆదివారం అమ్మ గదిల పెడుత. నేనేడున్నా అమ్మ నా ఫోన్ల కనబడుతది."

సుక్కమ్మ ముఖం పాలిపోయింది. "కోడలు నాకు చీర మారుస్తది, తానం పోస్తది. గదంత నీ ఫోన్ల పడుతదా కొడుకా? ఇంకెవరెవరు సూస్తరో... నన్ను యాచారంల మా తమ్ముని ఇంట్ల దింపిరా. నేనీడ ఉండ."

"నీ పానం కోసమే గదనే అమ్మ" అన్నాడు ఐలేష్. కానీ కెమెరా పెట్టె మాత్రం బీరువా మీదే ఉంచాడు.

రమ గుండె బరువెక్కిపోయింది. అత్తమ్మ లేని ఇల్లా? పెళ్లినాటికి తన ఐ.టి.ఐ. ఎలక్ట్రీషియన్ చదువు ఇంకా ఒక ఏడాది మిగిలి ఉంది. చుట్టాలంతా ఆడపిల్లకు కరెంటు పని ఎందుకని నవ్వారు. అప్పుడు పొద్దున్నే లేచి తానే వంట చేసి, డబ్బా కట్టి, ఇబ్రహీంపట్నం బస్టాండు దాకా తోడొచ్చి కాలేజీకి పంపింది ఈ సుక్కమ్మే కదా! ఆ సర్టిఫికెట్ ఇన్నేళ్లుగా ట్రంకు పెట్టెలో చీరల కింద పడి ఉంది. తల్లీకూతుళ్లకు కూడా ఉండదేమో అంత అనుబంధం... ఆమెను ఎలా పంపించుకోగలదు?

"ఆదివారం దాకా నాకు టైం ఇయ్యి" అంది భర్తతో. "కెమెరా లేకుండ, అత్తమ్మ మంచం దిగకుండ నేనొకటి చేస్త."

చిన్న చిప్పు బోర్డు, లైటును వేసి ఆర్పే రిలే తెప్పించింది. పాత ఇల్లు కావడంతో స్విచ్చుల పెట్టెలోకి ఆ బోర్డు నడవడానికి కావలసిన న్యూట్రల్ వైరే లేదు. మెయిన్ ఆపి, స్టూలెక్కి, చెమటలు కక్కుతూ హాలు నుంచి కొత్త వైరు లాగింది. ఆ బోర్డుకు ఇంటర్నెట్టు అక్కర్లేదు, ఏ కంపెనీతోనూ పని లేదు. ఇంటి గోడ దాటి ఒక్క సంగతి కూడా బయటికి పోదు. శుక్రవారం సాయంత్రం సరిగ్గా ఆరున్నరకు, ఎవరూ ముట్టుకోకుండానే, గదిలో లైటు వెలిగింది!

రమ సంబరంగా అత్తగారి వైపు చూసింది. సుక్కమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

"మంచిగ లేదా అత్తమ్మా?"

"మంచిగనే ఉంది బిడ్డ. ఈ ఇంట్లకొచ్చిన కాడికెల్లి పొద్దుగూకంగ దీపం నా చేతితోనే పెట్టిన. లైటు ఏసి, దండం పెట్టినంకనే పొయ్యి ముట్టిచ్చిన. ఇప్పుడు దానికదే ఎలిగిపాయె... ఇగ నేనెందుకు?"

అత్తమ్మ మంచం దిగింది వెలుగు కోసమని ఇన్నాళ్లూ రమ అనుకుంది. ఆ తల్లి వెతుక్కున్నది ఈ ఇంట్లో తన పనిని! ఎంత చదివి ఏం లాభం, అంత దగ్గరుండి ఆ సంగతి గ్రహించలేకపోయానే అని కుమిలిపోయింది. ఆరున్నరకు పెట్టిన టైమరు తీసేసి మళ్లీ పనిలో కూర్చుంది.

ఆదివారం సాయంత్రం ఐలేష్ కెమెరా పెట్టె విప్పుతున్నాడు. గదిలో చీకటి పడుతోంది. అతను స్విచ్‌బోర్డు వైపు చెయ్యి చాపగానే రమ ఆపింది.

"నువ్వెయ్యకు. అత్తమ్మ ఏస్తది."

మంచం పట్టెకు, సుక్కమ్మ ఎడమ చేతికి అందేలా, అరచేతంత బొత్తాం ఒకటి బిగించి ఉంది. నొక్కితే గోడలోని బోర్డు లైటు వేస్తుంది; లోపల ఉన్నది చిన్న బ్యాటరీయే, షాకు కొట్టే భయం లేదు. సుక్కమ్మ దాన్ని నొక్కింది. గది నిండా వెలుగు వచ్చింది. కదిలే ఆ ఒక్క చెయ్యీ నుదుటికి ఆనించి దండం పెట్టుకుంది. ఆమె కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. తల్లి ముఖంలో అంత తృప్తిని ఐలేష్ చూసి ఎన్ని నెలలైందో...

"నిన్ను ఊకెనే తిట్టిన రమా" అన్నాడు మెల్లగా. తర్వాత అలవాటుగా ఫోను చూశాడు. "ఇది నా ఫోన్ల కనబడదా?"

"కనబడదు. ఇంట్ల ముచ్చట ఇంట్లనే ఉంటది."

"మరి అమ్మ ఎట్లున్నదో నాకెట్ల తెలుస్తది?"

సుక్కమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఫోన్ జేసి అడుగు బిడ్డ. కాలు చెయ్యి పోయింది గని, నాకు నోరు పోలే."

ఐలేష్ కెమెరాను మళ్లీ పెట్టెలో సర్దేశాడు.

సోమవారం ఆరున్నరకు రమ ఫోను మోగింది. గోదాములోంచి ఐలేష్. రమ ఫోనును అత్తగారి చెవి దగ్గర పెట్టింది.

"అమ్మా, లైటు ఏసినవా?"

"ఇప్పుడే ఏసిన బిడ్డ. నువ్వు చాయ్ తాగినవా?"