మూడో స్థానం

ఉదయం ఆరున్నరకు పాల ప్యాకెట్ కోసం ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టిన అమ్మకు కూరగాయల అర అడుగున చిన్న మందుసీసా తగిలింది. ఆసుపత్రి ల్యాబ్‌లో ఇరవై రెండేళ్లుగా రక్తపరీక్షలు చేస్తున్న మనిషి ఆమె. పేరు చూడగానే అదేమిటో తెలిసిపోయింది. కిడ్నీలు దెబ్బతిని రక్తం తగ్గిపోయినవాళ్లకు వేసే ఇంజెక్షన్ అది. ఆ ఇంట్లో రోగులెవరూ లేరు. ఉన్నది మారథాన్ పరిగెత్తే కూతురు. పోయిన నెల జాతీయ పోటీల్లో మూడోస్థానంలో నిలిచి పతకం తెచ్చింది.

కూతురు పరుగు ముగించి చెమటలు కక్కుతూ వచ్చేసరికి సీసా బల్ల మీదుంది.

"ఎన్ని వేసుకున్నావ్?"

"ఆరు. క్యాంపులో చాలామంది వేసుకుంటారమ్మా. ఇది లేకపోతే నువ్వు వెనకబడిపోతావన్నాడు కోచ్."

అమ్మ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి పట్టీ కట్టి రక్తం తీసింది. సాయంత్రం రిపోర్టుతో తిరిగొచ్చింది.

"రక్తంలో ఎర్రకణాల శాతం యాభై ఆరు. నీకు నలభై ఆరు దాటకూడదు. ఇంత చిక్కబడ్డ రక్తం నువ్వు నిద్రపోతున్నప్పుడు గుండెలోనో మెదడులోనో గడ్డకడితే, పొద్దున్నే నిన్ను లేపడానికి వచ్చేది నేనే. ఆ సంగతి మీ కోచ్ చెప్పాడా?"

సిటీ బస్సు నడిపే నాన్న అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫాంలోనే గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

"డాక్టరుకు చూపిద్దాం. సీసా పారేద్దాం," అన్నాడు మెల్లగా. "బయట మాత్రం ఎవరికీ తెలియకూడదు. నలుగురిలో తలెత్తుకోలేం."

"నాలుగో స్థానంలో వచ్చిన అమ్మాయి నన్ను కావలించుకుని అభినందించింది నాన్నా. ఆ పతకం తనది. నేను చెప్పేస్తాను."

"పిచ్చా నీకు? బతుకంతా బజారున పడుతుంది," అని ఆయన విసురుగా వెళ్లిపోయాడు.

మర్నాడు అమ్మ సెలవు పెట్టింది. డాక్టరు దగ్గర వైద్యం మొదలుపెట్టించి, అక్కణ్ణించి తల్లీకూతుళ్లిద్దరూ క్రీడాసంఘం ఆఫీసుకు వెళ్లారు. పతకం, సీసా, రిపోర్టు, కోచ్ పేరు అన్నీ ఇచ్చేశారు. విచారణ నెల రోజులు సాగింది. కోచ్‌ని తప్పించారు, కూతురి మీద మూడేళ్ల నిషేధం పడింది. పేపర్లో ఫోటో వచ్చింది. నాన్న ఆ నెలంతా కూతురితో ముక్క మాట్లాడలేదు.

ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"బస్సులో ఒకాయన అడిగాడు, మందు వాడి దొరికిపోయిన పిల్ల మీ అమ్మాయేనటగా అని."

కూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏమన్నావు నాన్నా?"

"దొరకలేదండీ, ఎవరూ పట్టుకోలేదు, తనంతట తనే వెళ్లి చెప్పింది అన్నాను. బస్సంతా వినేలా అన్నాను. అంత గట్టిగా నీ పతకం గురించి కూడా ఎప్పుడూ చెప్పలేదు తల్లీ."