మూడు రేకుల బిళ్ల

ఉదయం 9.20కి నాచారంలోని ల్యాబ్ నుంచి స్టేషన్‌కు ఫోన్ వచ్చింది. విండ్ టన్నెల్‌లో పెట్టిన మోడల్ మాయమైంది. జానెడు స్టీలు కోన్. ధ్వనికి ఏడింతల వేగంతో పోయే వాహనం ముక్కుకు నమూనా.

మధ్యాహ్నం 2.40 అయింది. ఎస్సై హన్మయ్యకు ఒక్క ఆధారం దొరకలేదు. బీరువాలు తీయించాడు. డ్రైనేజీ మూతలు లేపించాడు. టన్నెల్ గాలి చివరికి వెళ్లి చేరే ట్యాంకు మాత్రం మిగిలింది. లోపల వ్యాక్యూమ్ ఉంది, తలుపు రాదని సైంటిస్ట్ గిరిధర్ పొద్దున్నే చెప్పాడు.

పైగా మూలన ఆ ట్యాంకులోని గాలిని తోడేసే వ్యాక్యూమ్ పంపు. వచ్చినప్పటి నుంచీ ఒకటే రొద. ప్రతి మాటా రెండుసార్లు అడగాల్సి వస్తోంది.

"ఇంకా ఏం వెతుకుతారండీ?" గిరిధర్ విసుక్కున్నాడు. "నిన్న ఐదున్నరకి తాళం వేసింది దుర్గేష్."

"రెండో తాళంచెవి?"

"నా దగ్గరుంది. నేను వాడికన్నా ముందే వెళ్లిపోయాను."

టెక్నీషియన్ దుర్గేష్ గోడకు ఆనుకుని ఉన్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

"దొంగతనం కేసంటే నౌకరీ పోతది సార్. ఉప్పల్‌ల మా గల్లీల తలెత్తుకోలేను."

"జర ఆగు. నిన్న ఎన్ని పరీక్షలు జేసిన్రు?"

"మూడు సార్. ఒక్కోదానికి గాలికి అడ్డం పెట్టిన అల్యూమినియం బిళ్ల ఒకటి పలుగుతది. గాలి జోరుకు నాలుగు రేకులయితది. నేను నంబరేసి తీగెకు గుచ్చుత."

హన్మయ్య తీగె దగ్గరికి నడిచాడు. 39, 40, 41. విచ్చిన పత్తికాయల్లా నాలుగేసి రేకులు.

కింద తుక్కు డబ్బా. అందులో ఇంకో బిళ్ల. నంబరు లేదు. మూడే రేకులు.

"రేకు ఊడితే ఏమైతది?"

"తూటా లెక్క మోడల్‌కు తగుల్తది సార్. బిళ్ల మీది గాటు లోతెక్కువైతే ఊడుతది, అందుకే అది కొలవంది బిళ్ల పెట్టం."

హన్మయ్య వంగి డబ్బాలోని బిళ్లను మళ్లీ చూశాడు. తర్వాత పంపు వైపు తిరిగాడు.

"పొద్దుగాల నువ్వొచ్చేసరికి ఇది నడుస్తుండెనా?"

"నడుస్తుండె. సారే ముందొచ్చిండు."

"మోడలే లేదు. మరి పంపెందుకు సారూ?"

"అది... రొటీన్ అండీ."

"ఏం రొటీన్? తలుపు రావద్దనే కదా నడిపిన్రు! దుర్గేషూ, బంద్ జెయ్. గాలి ఇడువు."

పంపు ఆగింది. ట్యాంకులోకి గాలి బుస్సున దూరింది. దుర్గేష్ తలుపు లాగాడు.

అడుగున కోన్ పడి ఉంది. ముక్కు విరిగింది. పక్కనే నాలుగో రేకు.

గిరిధర్ కుర్చీలో కూలబడ్డాడు. "రేపు కస్టమర్లు వస్తున్నారు... నిన్న ఆరింటికి తిరిగొచ్చి ఇంకో పరీక్ష చేశాను. తొందరలో గాటు కొలవలేదు. విరిగిందంటే తప్పు నాది. పోయిందంటే..."

"వీనిది," హన్మయ్య దుర్గేష్‌ను చూపించాడు.

పంపు రొద ఆగాక హన్మయ్యకు తనమీద తనకే ఒళ్లు మండింది. ఐదు గంటలుగా చెవిలో మొత్తుకుంటున్న సాక్ష్యాన్ని తిట్టుకుంటూ తిరిగాడు.

దుర్గేష్ అలవాటుగా మార్కర్ తీసి, మూడు రేకుల బిళ్ల అందుకోబోయాడు.

"నలభై రెండు ఎయ్యాల్నా సార్?"

"ఎయ్యకు," అన్నాడు హన్మయ్య. "అది నీది కాదు."