గోడ అవతలి మూడు దెబ్బలు

పాలు పొంగకుండా కాపలా కాయడం ఆమెకు ముప్ఫయ్యేళ్ళ అలవాటు. ఆ పొద్దున కూడా గరిటె పట్టుకుని పొయ్యి ముందు నిలబడింది. గోడ అవతలి గదిలో కాలితో తొక్కే ట్రెడిల్ అచ్చుమిషన్ నడుస్తోంది. ఉస్సుమని ఒక ఊపిరి, పెట్టె మూసినట్టు టక్కుమని ఒక మూత, మధ్యలో చిన్న కుంటు. వింటూనే మంట తగ్గించింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ మిషన్‌ని పాత ఇనుముకి అమ్మేసి ఆరేళ్ళయింది. దాన్ని తొక్కి ఊరందరి శుభలేఖలూ, బిల్లు పుస్తకాలూ అచ్చువేసిన తన భర్త పోయి కూడా ఆరేళ్ళే.

అవతల చప్పుడు నెమ్మదించింది, బరువెక్కింది, ఆగబోయింది. అంతలో గోడ మీద మూడు దెబ్బలు పడ్డాయి. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

మిషన్ హోరుకి ఆయనకి చెవులు ఎప్పుడో పోయాయి. పిలిస్తే పలికే మనిషి కాదు కాబట్టి ఆలుమగలిద్దరూ గోడతో మాట్లాడుకునేవాళ్ళు. ఆకలేస్తే ఆయన కొయ్య సుత్తితో మూడు దెబ్బలు కొట్టి, గోడకి అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. వడ్డిస్తున్నానని ఆమె గరిటె వెనకవైపుతో మూడు కొట్టేది. ఆ అదురు చేతికి తెలియగానే వస్తున్నానని ఒక్కటి కొట్టి వచ్చేవాడు. ఈ కాపురం చూసి ఇరుగుపొరుగు నవ్వుకునేవాళ్ళు కూడాను.

గరిటె చేతిలో ఉండగానే ఆమె ఆ గదిలోకి వెళ్ళింది. ఒకప్పుడు మిషన్ ఉన్నచోట నడుమెత్తు చెక్కపెట్టె ఉంది. దానికో రేకు గొట్టం, పిడి ఉన్న ఇనుప చక్రం. కూతురు కిటికీ దగ్గర కూర్చుని నోటుబుక్కులో ఏదో రాసుకుంటోంది. నెల్లాళ్ళుగా తలుపేసుకుని రంపాలూ సుత్తులూ మోగిస్తుంటే, బీరువా చేసుకుంటోందేమో అనుకుంది తల్లి.

"గోడెందుకు కొట్టావే?"

"నేనెక్కడ కొట్టానమ్మా? చక్రం వదిలేసి ఇటొచ్చి రాసుకుంటున్నా."

కిటికీకీ గోడకీ మధ్య నాలుగడుగులు. గదిలో మూడో మనిషి లేడు. తల్లి అటూ ఇటూ చూసి, గరిటెతో పెట్టెని చూపించింది.

"ఇదేమిటసలు?"

కూతురి మొహం వెలిగింది. ఆస్పత్రిలో చెవి పరీక్షలు చేసే ఉద్యోగం తనది. చప్పుళ్ళ గురించి వెతుకుతుంటే వందేళ్ళ నాటి వాళ్ళు కొందరు దొరికారట. "వాళ్ళలో ఒకాయన బొమ్మలు గీసే మనిషమ్మా. కార్ఖానాల హోరు కూడా సంగీతమే అని ఇలాంటి పెట్టెలు చేశాడు. గుర్రుమనేవి, ఊళపెట్టేవి, బుసకొట్టేవి. జనం వాయించనిస్తేనా, గోల గోల చేశారు. ఆ పెట్టెలేవీ ఇప్పుడు మిగల్లేదు. ఇంకొకాయన ఏకంగా ఒక ఊరి ఫ్యాక్టరీ సైరన్లన్నిట్నీ జెండాలూపి మోగించాడు."

"చెవులు బాగుచేస్తావని చదివిస్తే చెవులు చిల్లులుపడే పెట్టె చేశావన్నమాట," అంది తల్లి. "సాయంత్రానికల్లా ఇది నా ఇంట్లో ఉండకూడదు."

"శనివారం ఇక్కడే దీన్ని వాయించాలి, వినడానికి జనం వస్తున్నారు. పెట్టె బయటికి పోతే దాంతో నేనూ పోతా."

"ఆ చప్పుడు నువ్వెలా చేశావు? ఆ కుంటు ఎక్కడిది?"

"చక్రం చూడు."

తల్లి చూసింది. అది ఆ పాత మిషన్ చక్రమే. ఒకచోట అంచు విరిగి, అతుకు పడి ఉంది. ఎవరూ కొనక ఇనుపకొట్టు మూలన పడి ఉంటే కూతురు వెతికి తెచ్చింది. పెట్టెని కూడా నేలలో మిగిలిన పాత మిషన్ బోల్టులకే బిగించింది. వంటింటి వైపు గోడకి, ఆయన తగిలించే మేకుకే, తండ్రి కొయ్య సుత్తి వేలాడుతోంది.

"నువ్వు నాన్న ఊసెత్తితేనే మాట మార్చేస్తావు," అంది కూతురు. "ఆయన పోయిన మూడోరోజే మిషన్ అమ్మేశావు. ఆయన నాతో మాట్లాడిందే తక్కువ. నాకు ఆయన గొంతు గుర్తులేదమ్మా, ఈ చప్పుడే గుర్తు. అదీ పారెయ్యమంటావా?"

ఆరేళ్ళుగా దాచుకున్నది ఇక ఆగలేదు. తల్లి గోడకి ఆనుకుని నేల మీద కూలబడింది.

"ఆ రోజు పొద్దున ఓ శుభలేఖలో తారీఖు తప్పు పడింది. ప్రూఫు చూసింది నేనే. నలుగురిలో కసిరాడు. ఆ కోపం మీద వంటింట్లో ఉన్నా. మూడు దెబ్బలు కొట్టాడు. విన్నానే. గరిటె చేతిలోనే ఉంది. ఆకలేస్తే ఆయనే వస్తాడులే అని పలకలేదు. అరగంటకి వచ్చి చూస్తే పడిపోయి ఉన్నాడు. సాయం కోసం పిలిచాడు. నేను పలకలేదు."

కూతురు వచ్చి తల్లి ఎదురుగా కూర్చుంది. తర్వాత ఆస్పత్రిలో రోగుల్ని అడిగినట్టు మెల్లగా అడిగింది.

"దెబ్బల ముందు మిషన్ ఎలా ఆగింది?"

"నెమ్మదిగా. ఇందాకటిలాగే."

"నాన్న ఏనాడైనా దాన్ని నెమ్మదిగా ఆగనిచ్చాడా?"

లేదు. ఆయనకి అంత ఓపిక ఎక్కడిది? పాదం తీయగానే అరచేత్తో చక్రాన్ని పట్టి ఆపేవాడు. ఆ చేతికి కాయ కాచి ఉండేది. అది ఆమెకి తెలియనిదా?

కూతురు లేచి చక్రం తిప్పింది. ఊపిరి, మూత, కుంటు. నేల అదిరింది, కిటికీ అద్దం జుమ్మంది. వేగం అందుకున్నాక పిడి వదిలేసి వెనక్కి జరిగి, రెండు చేతులూ పైకెత్తి చూపించింది. చక్రం నెమ్మదించింది. హోరు బొంగురుపోయింది. ఆగబోయేముందు గోడలో ఒక వణుకు పుట్టింది, మేకుకున్న సుత్తి ఎవరో మునివేళ్ళతో తోసినట్టు కదిలి గోడకి తగిలింది. టక్, టక్, టక్.

"ఆ దెబ్బలు వినబడేసరికే ఆయన పాదం జారిపోయిందమ్మా. చక్రాన్ని పట్టుకునే చెయ్యి లేదు. నాన్న నిన్ను పిలవలేదు."

తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆరేళ్ళ ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. కూతురు పక్కన కూర్చుని తల్లి తల భుజానికి ఆనించుకుంది. మిషన్ ఎందుకు అమ్మేసిందో ఆ పిల్లకి ఇప్పుడు అర్థమైంది. అడగకుండా ఇన్నాళ్ళూ తప్పుపట్టినందుకు తనకీ కళ్ళు తడిశాయి.

కాసేపటికి తల్లి లేచి మొహం కడుక్కుని, వంటింట్లో పొంగిన పాలు తుడిచింది. పొయ్యి మళ్ళీ వెలిగించలేదు. గోడ ముందు నిలబడి, గరిటె తిరగేసి మూడు దెబ్బలు కొట్టింది. ఆ రోజు కొట్టాల్సినవి అవి.

అవతల్నుంచి ఒక్క దెబ్బ వినిపించింది.

ఆమె తిరిగి చూసింది. కూతురు వంటింటి గుమ్మంలోనే ఉంది. చేతులు ఖాళీగా ఉన్నాయి, మొహం పాలిపోయింది. అవతలి గదిలో చక్రం ఎప్పుడో ఆగిపోయింది. ఇద్దరిలో ఎవరూ అటు వెళ్ళి చూడలేదు.

"శనివారం వాయించేటప్పుడు నన్నూ కలుపుకో," అంది తల్లి. "గరిటె నేను తెచ్చుకుంటా."