రాయి ముందు పొట్టి మొక్కలు

చివరి పొట్టి మొక్కను కూడా పీకి బుట్టలో పడేసి, ఫెమ్కె మట్టిని చేత్తో చదును చేసింది. ఇప్పుడు సమాధి రాయి కిందిదాకా కనిపిస్తోంది!

తొమ్మిదేళ్ల ఫెమ్కెకు సాయం చేయాలన్న ఉబలాటం ఎక్కువ, అడిగి చేసే అలవాటు తక్కువ. ఆ సైనికుల సమాధుల తోటకు వాళ్ల నాన్న యోస్ట్ తోటమాలి. ఆ రోజు ఆస్ట్రేలియా నుంచి ఐల్సా మామ్మగారు వస్తున్నారు. వందేళ్ల కిందటి యుద్ధంలో ఇక్కడే చనిపోయిన వాళ్ల చిన్నతాత రాయిని చూడాలి, దాని మీద ఆయన తల్లి ఉత్తరం రాసి చెక్కించిన మాట చదవాలి. వాళ్లింట్లోంచి ఇంతవరకూ ఎవరూ రాలేదట.

ఇంతలో వాన దంచికొట్టింది. వెలిశాక చూస్తే రాయి కింది భాగమంతా బురదే! తల్లి చెక్కించిన అక్షరాలు ఒక్కటీ కనబడటం లేదు.

ఫెమ్కె పరుగున పనిముట్ల గదిలోంచి ఇనప బ్రష్షు తెచ్చింది.

"ఆగాగు! దాంతో రుద్దితే అక్షరాలే అరిగిపోతాయి," అంటూ నాన్న పరిగెత్తుకొచ్చాడు. "ఇక్కడి మొక్కలేవే?"

వానకు కొట్టుకుపోయాయని చెప్పేద్దామా అనిపించింది. కానీ బుట్ట పక్కనే ఉంది. "నేనే పీకేశాను నాన్నా. రాయి బాగా కనబడాలని..."

"అవి సోకుకనుకున్నావా? బురద చిందకుండా ఆపేవి అవే. వంట చేసేటప్పుడు అమ్మ ఏప్రన్ కట్టుకోదూ? రాయికి అవీ అంతే."

నీళ్లూ మెత్తని బ్రష్షూ తెచ్చేసరికి ఐల్సా మామ్మగారు వచ్చేశారు. గంట ముందే!

ఫెమ్కె తల దించుకుంది. "మామ్మగారూ, ఈ బురద నా వల్లే. తప్పు నాది."

మామ్మగారు రాయిని చూశారు. తర్వాత పకపకా నవ్వారు.

"మా చిన్నతాత ఎప్పుడూ బురదలోనే పొర్లేవాడటలే! వాళ్లమ్మ చెవి పట్టుకుని లాక్కొచ్చి ముఖం కడిగేదట. ఇటియ్యి ఆ బ్రష్షు. ఆ పని ఇన్నాళ్లకు నాకు దక్కింది."

ఫెమ్కె నీళ్లు పోసింది, మామ్మగారు మెల్లగా రుద్దారు. అక్షరాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

మా ఇంటి నవ్వు.

మామ్మగారికి సంతోషం పట్టలేక కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఫెమ్కెను దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకున్నారు.

ముగ్గురూ కలిసి బుట్టలోని మొక్కలు మళ్లీ దగ్గరదగ్గరగా నాటారు. ఒకటి మిగిలింది. పక్క రాయి మీద పేరే లేదు, ఎవరో తెలియని సైనికుడు. దాని ముందు కొంచెం మట్టి బోసిగా ఉంది. ఫెమ్కె గుంట తవ్వబోయి ఆగింది.

"నాన్నా, దీన్ని ఇక్కడ నాటనా?"

"ఏంటీ? మా ఫెమ్కె అడుగుతోందా? ఏదీ, మళ్లీ అడుగు, సరిగా వినబడలేదు!"

"నాన్నా!"

"నాటు తల్లీ, నాటు."

ఫెమ్కె మొక్క నాటింది. వేళ్ల చుట్టూ మట్టి అదిమింది. ఆ పేరు లేని రాయికి కూడా ముఖం కడిగి గానీ లేవలేదు.