వెర్నా బామ్మ కుట్లు

కాఫీ వాసన రాగానే ఆడవాళ్ళందరూ సూదులు గుచ్చిపెట్టి వంటింట్లోకి వెళ్ళారు. చర్చి కింది హాల్లో, చెక్క చట్రానికి బిగించిన బొంత దగ్గర బ్రిట్టా ఒక్కతే మిగిలింది.

బ్రిట్టాకి పదేళ్ళు. వేసవి సెలవుల్లో ఒక వారం ఉండిపోదామని మిన్నెసోటాలో అమ్మమ్మ వాళ్ళ పల్లెకి వచ్చింది. పొద్దున కుట్టుపని, మధ్యాహ్నం వాగులో ఆటలు, సాయంత్రం అరుగు మీద కూర్చుని బొమ్మలు గీసుకోవడం. ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి!

ఆ బొంత తోర్సన్ వాళ్ళ కోసం. పోయిన నెల పిడుగు పడి వాళ్ళ ఇల్లు కాలిపోయింది. ముగ్గురు పిల్లలూ కట్టుబట్టలతో మిగిలారు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఈ బొంత వాళ్ళ చేతుల్లో పెట్టాలి. అందుకే ఊళ్ళో ఆడవాళ్ళు చట్రం చుట్టూ కూర్చుని తలా కొంత కుడుతున్నారు.

"నీ కుట్లు చూస్తే నాకే కుళ్ళుగా ఉందే పిల్లా!" అంది పొద్దున ఎదురుగా కూర్చుని కుడుతున్న లవాన్ ఆంటీ. అప్పటినుంచి బ్రిట్టా కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

ఇప్పుడు తన చూపు పక్క కుర్చీ ముందున్న కుట్ల మీద పడింది. అవి వెర్నా బామ్మవి. ఆవిడకి ఎనభై ఆరేళ్ళు. ఒక కుట్టు చీమంత, ఇంకొకటి చీపురుపుల్లంత. వరస కూడా వంకరే.

"అయ్యో, ఇంత మంచి బొంత పాడైపోతోందే" అనుకుంది బ్రిట్టా. చిన్న కత్తెర తీసుకుని జానెడు మేర బామ్మ కుట్లన్నీ కత్తిరించేసింది. దారాలు లాగేసి, అక్కడ తనే మళ్ళీ కుట్టింది. వంటింట్లో కబుర్లు వానల దగ్గర మొదలై మొక్కజొన్న దాకా వచ్చేసరికి పని పూర్తయింది.

అందరూ తిరిగొచ్చారు. వెర్నా బామ్మ తన కుర్చీలో కూర్చుంది. ఎక్కడ ఆపిందో ఆవిడ కళ్ళతో చూసుకోదు, వేళ్ళతో తడుముకుంటుంది. వేళ్ళు ముందుకు వెళ్ళాయి, వెనక్కి వచ్చాయి. మళ్ళీ వెళ్ళాయి.

"ఇవి నావి కావు" అంది మెల్లగా.

అందరూ బొంత మీదికి వంగారు. అంత మాటకారి లవాన్ ఆంటీ కూడా తల దించుకుంది. బ్రిట్టా అయితే తేలు కుట్టిన దొంగలా కత్తెరని ఒళ్ళో దాచుకుంది.

వెర్నా బామ్మ సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకున్న ఇత్తడి తొడుగు తీసి సంచిలో వేసుకుంది. "ఎండగా ఉంది. నే ఇంటికి పోతానమ్మా" అని లేచింది.

"కాసేపుండు వెర్నక్కా" అంది అమ్మమ్మ. ఆవిడ ఆగలేదు.

ఆ సాయంత్రం అమ్మమ్మ అరుగు మీద బఠాణీలు ఒలుస్తూ అడిగింది. "నీ గౌను మీద ఆ దారాలేంటే?"

బ్రిట్టా గబగబా దారాలు దులుపుకుంది. "బాగుండాలనే చేశాను అమ్మమ్మా."

"బాగానే కుట్టావు. నీ కుట్లకి వంకలేదు" అంది అమ్మమ్మ. "కానీ ఈ ఊళ్ళో ఒకరి కుట్టు ఇంకొకరు విప్పరు. విప్పితే, నువ్వింక లేచి వెళ్ళు అన్నట్టే. నేను పుట్టినప్పుడు నాకు కప్పిన బొంతలో కూడా ఆవిడ కుట్లున్నాయి తెలుసా?"

"మరి నాకెవరూ చెప్పలేదే!"

"చెప్పాల్సింది నేనే. అది నా తప్పు. కానీ వెళ్ళి ఆవిడ తలుపు తట్టాల్సింది నువ్వే."

మర్నాడు గురువారం, వెర్నా బామ్మ కుర్చీ ఖాళీ. ఆ ఇంటి దాకా వెళ్ళడానికి బ్రిట్టాకి ధైర్యం చాల్లేదు. వాగులోకి దిగింది కానీ ఆడబుద్ధి కాలేదు. కాగితం ముందు కూర్చుంది కానీ ఒక్క గీత పడలేదు.

శుక్రవారం ఇంక ఉండబట్టలేక వెళ్ళింది. వెర్నా బామ్మ వాకిట్లో మెట్టు మీద ఒట్టి చేతులతో కూర్చుని ఉంది.

"బామ్మా, మీ కుట్లు విప్పింది నేనే. తప్పయిపోయింది."

"తెలుసులే. అంత సన్నటి కుట్లు ఇంకెవరివి?" అంది బామ్మ. కోపంగా అని ఉంటే బ్రిట్టాకి ఇంత బాధ ఉండేది కాదు. "మంచిపనే చేశావులే తల్లీ. సూదిలో దారం ఎక్కించడానికే నాకో పూట పడుతోంది. అందరికీ అడ్డం తప్ప నేనక్కడ దేనికి?"

"రేపు రండి బామ్మా."

"వద్దులేమ్మా" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. బ్రిట్టా దారంతా ఏడుస్తూనే వచ్చింది.

శనివారం అందరికన్నా ముందే హాలుకి వెళ్ళి కత్తెర పట్టుకుంది. అప్పుడే వచ్చిన లవాన్ ఆంటీ గుండెలు బాదుకుంది. "ఓసి నీ దుంపతెగ! మళ్ళీ ఎవరివి విప్పుతున్నావే?"

"నావే ఆంటీ."

బామ్మ కుట్లుండిన ఆ జానెడు చోటు ఖాళీ అయింది. లోపలి దూది వదులుగా కదులుతోంది. మధ్యాహ్నానికి బొంతంతా పూర్తయింది. ఆ జానెడు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకోమని బ్రిట్టా ఎవరినీ అడగలేదు.

తను ఒక మూల కూర్చుని సూదుల్లో దారం ఎక్కించింది. ఒకటి కాదు, రెండు కాదు, ఇరవై సూదులు! అన్నీ అరచేతిలో పట్టే చిన్న దిండుకి గుచ్చుకుని మళ్ళీ బామ్మ తలుపు తట్టింది.

"ఆ చోటు ఖాళీగా ఉంది బామ్మా. రేపు పొద్దునే బొంత ఇచ్చేస్తారు. అది మీ చోటే."

బామ్మ దిండు అందుకుని సూదులు తడిమింది. ఒక్కొక్క దారం చివర పట్టుకుని చూసింది.

"నా సంచి ఆ తలుపు వెనకుంది. అందుకో" అంది చివరికి.

హాల్లో అందరూ కుర్చీలు జరిపి చోటిచ్చారు. వెర్నా బామ్మ వేళ్ళతో తడుముకుని మొదటి కుట్టు వేసింది. అది పెద్దదిగా పడింది. రెండోది పక్కకి పోయింది. బ్రిట్టా చేతులు ఒళ్ళో పెట్టుకుని పక్కనే కూర్చుంది.

"దారమైపోయిందే" అని బామ్మ చెయ్యి చాపింది.

బ్రిట్టా ఇంకో సూది అందించింది.