ఊపిరి బిగబట్టండి

మధ్యాహ్నం రెండు దాటింది. ఆసుపత్రి నేలమాళిగలో ఉండేవాళ్ళకి పగలో రాత్రో తెలియదు. ఎప్పుడు చూసినా ట్యూబులైట్లు, ఫినాయిల్ వాసన, గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలు. ఆ గోడ కూడా అల్లాటప్పా గోడ కాదు, బారెడు మందాన కాంక్రీటు. దాని వెనక గదిలో కరెంటు పెడతారు. రేడియేషన్ అనడానికి నోరు తిరగనివాళ్ళు ఆ వైద్యానికి పెట్టుకున్న పేరది. ఎనిమిదేళ్ళుగా ఆ మిషను నడుపుతున్న టెక్నీషియన్‌కి కూడా అదే అలవాటైపోయింది.

ఆ రోజు బస్సు డ్రైవరుకి ఆఖరి విడత. ముప్పై ఏళ్ళు స్టీరింగు తిప్పి రిటైరయ్యాడో లేదో, ఊపిరితిత్తిలో గడ్డ బయటపడింది. డాక్టరు ముందు కూర్చుంటే ఆయనకి నోరు పెగలదని, అడగాల్సినవన్నీ భార్య ఒక చీటీ మీద రాసిచ్చింది. డాక్టరుకేమో తల గోక్కునే తీరిక లేదు. దాంతో ఆ ప్రశ్నలన్నీ వచ్చి టెక్నీషియన్ నెత్తిన పడ్డాయి.

"కోసి తీసేయడం కుదరదా తల్లీ?" అన్నాడాయన బల్ల మీద పడుకుంటూ.

"డాక్టరుగార్ని అడగండి బాబాయ్."

"ఈ కరెంటుతో పూర్తిగా పోతుందా?"

"అదీ ఆయన్నే అడగాలి."

"పోనీ, సాయంత్రం సంతకం పెట్టమంటున్నారే ఆ కీమోకి... దాంతో ఇంకెన్నాళ్ళు లాగుతాను?"

"నా ఉద్యోగం ఊడగొట్టేదాకా నిద్రపోయేలా లేరు మీరు."

ఆయన నవ్వేశాడు. జబ్బు గురించి టెక్నీషియన్లు నోరెత్తకూడదు, అది అక్కడి కట్టుబాటు. కానీ ఫైలు చూసింది కాబట్టి ఆమెకి తెలుసు. గడ్డ గుండె పక్కనున్న పెద్ద రక్తనాళాన్ని చుట్టుకుంది, కోతకి లొంగదు. కీమో పడితే ఏడాది దొరకొచ్చు. మనవరాల్ని తనే బడికి తీసుకెళ్ళి దింపాలని ఆయన ఆశ. ఆ సంతకం పెడితే బాగుండునని ఆమెకి మనసులో ఒకటే తపన.

తలుపు మూసి బయటికొచ్చి తెర ముందు కూర్చుంది. లోపల ఆయన ఒక్కడే. కెమెరాలో మనిషి కనిపిస్తాడు, మైకులోంచి చప్పుళ్ళు వినిపిస్తాయి. ఆయన గాలి పీలిస్తే తెర మీద పచ్చ గీత పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. గడ్డ కదలకూడదు కాబట్టి ఆమె చెప్పినప్పుడల్లా ఇరవై సెకన్లు ఊపిరి బిగబట్టాలి. బటన్ నొక్కి మాట్లాడితేనే ఆమె గొంతు లోపలికి వెళుతుంది.

"గాలి పీల్చండి... ఆపండి."

గీత పైకి లేచి నిలిచింది. మిషను గుయ్యిమంది. అప్పుడే స్పీకర్లోంచి గుసగుస.

"కోయడం కుదరదు బాబాయ్. గుండె దాకా పోయింది."

ఆమె వేలు బటన్ మీద లేదు. ఊపిరి బిగబట్టిన మనిషి మాట్లాడలేడు. ఆ గొంతు... తనదే.

"కరెంటుతో పోదు... దగ్గు కాస్త తగ్గుతుంది, అంతే."

ఆమె గబుక్కున బటన్ నొక్కింది. "గాలి వదిలేయండి బాబాయ్."

గీత దిగలేదు.

"వదలొద్దు," అంది లోపల గొంతు. "కీమో వద్దు. వాంతులే మిగులుతాయి... ఇంకాసేపు అలాగే ఉండండి... బాగుంది కదూ..."

ముప్పై సెకన్లు... నలభై...

ఆమె ఎర్ర స్విచ్చి కొట్టింది. మిషను ఆగింది. టన్నుల బరువున్న తలుపు నింపాదిగా, తన మానాన తను జరుగుతోంది. సందు దొరకగానే దూరిపోయింది. లోపల ఎవరూ లేరు. ఏళ్ళ తరబడి తెరవని పెట్టె వాసన. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. భుజం పట్టి కుదిపితే అప్పటికి వదిలాడు ఊపిరి.

లేచి కూర్చుని, తడికళ్ళతో ఆమె తల నిమిరాడు.

"ఇన్నాళ్ళకి నిజం చెప్పావు తల్లీ. సంతకం పెట్టను. ఇంటికెళ్ళిపోతాను."

"బాబాయ్, అది నేను కాదు."

"నీ మాట ఎక్కడా బయటపెట్టన్లే, భయపడకు."

ఇక ఆయన వినేలా లేడు. ఆమె బయటికి పరిగెత్తింది. కుర్చీల వరసలో ఆయన భార్య ఒక్కతే కూర్చుని ఉంది. కట్టుబాటు గంగలో కలిసినా సరే, ఉన్నదున్నట్టు చెప్పేద్దామనుకుంది.

"పిన్నీ, ఆయన్ని ఎలాగైనా ఒప్పించండి. కీమోతో ఏడాది దొరకొచ్చు, నేను ఫైలు చూశాను."

ఆవిడ ఒళ్ళో సంతకం పెట్టాల్సిన కాగితం నాలుగు ముక్కలై ఉంది.

"మళ్ళీ ఇదేంటమ్మా," అందావిడ నీరసంగా. "ఆయన లోపలికెళ్ళినప్పట్నుంచీ నా పక్కనే కూర్చుని, వద్దని చెప్పింది నువ్వేగా."

పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఆవిడ టెక్నీషియన్ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, గొంతు తగ్గించింది.

"మాదేముంది, ముసలివాళ్ళం. ఇంత చిన్న వయసులో నీకూ ఇదే జబ్బేంటి తల్లీ? ఇంట్లో ఇంకా తెలియదన్నావు... ఎప్పుడు చెబుతావు?"